ట్యాబ్‌లో పెన్‌తో రాసిన నోట్స్ ప్రింట్‌లో ఎందుకు మాయమవుతాయి? స్టైలస్ యాప్ కోడ్ చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

సైదాబాద్‌లో మా ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి బండి మీద పది నిమిషాలు. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంక్ పరీక్షలు ఏవైనా సరే, ప్రిపేర్ అయ్యేవాళ్లంతా కోచింగ్, హాస్టల్, జిరాక్స్ షాప్ అనే మూడు చోట్ల మధ్యే తిరిగే ఏరియా అది. మా తమ్ముడు కూడా వాళ్లలో ఒకడు. పరీక్షకి వారం ముందు, ట్యాబ్‌లో మార్జిన్ నిండా పెన్‌తో నోట్స్ రాసుకున్న పీడీఎఫ్‌ని ప్రింట్ తీయించమని నాకిచ్చాడు. షాపులో 86 పేజీలు తీయించా, స్పైరల్ బైండింగ్ కూడా చేయించా. ఇంటికొచ్చి తెరిచి చూస్తే, ప్రింట్ అయిన టెక్స్ట్ తప్ప వాడు రాసిన ఒక్క గీత కూడా లేదు!

వెనక్కి వెళ్లి "అన్నా, ఇందులో రాతలు ఏవి?" అని అడిగితే, "తమ్మీ, నీ ఫైల్‌ల ఏముంటే గదే వస్తది" అన్నాడు. ఆయన కంప్యూటర్ స్క్రీన్ మీద చూస్తే నోట్స్ చక్కగా కనిపిస్తున్నాయి. కాగితం మీదకి మాత్రం రావట్లేదు.

తప్పు షాప్ వాళ్లది కాదు, ప్రింటర్‌దీ కాదు. ఆ పెన్ యాప్ రాసిన ప్రోగ్రామర్ ఒక చిన్న నంబర్ మర్చిపోయాడు. ఆ నంబర్ ఏంటి, మనమే అలాంటి యాప్ రాస్తే పెన్ గీత కాగితం దాకా క్షేమంగా ఎలా చేరుతుంది అనేది ఈ ఆర్టికల్‌లో చూద్దాం. కోడింగ్ రానివాళ్లకి చివర్లో ఒక చిన్న చెక్‌లిస్ట్ ఉంది.

పీడీఎఫ్‌లో మీ రాత ఎక్కడ ఉంటుంది?

చాలామంది పీడీఎఫ్ మీద పెన్‌తో రాస్తే, కాగితం మీద రాసినట్టు అది పేజీలో కలిసిపోతుంది అనుకుంటారు. అలా జరగదు. పీడీఎఫ్ పేజీలో రెండు వేర్వేరు భాగాలుంటాయి. ఒకటి కంటెంట్స్: అసలు టెక్స్ట్, బొమ్మలు, గీతలు ఇందులో ఉంటాయి. రెండోది యానోట్స్ అనే లిస్ట్: కామెంట్లు, హైలైట్లు, స్టాంపులు, మీ పెన్ రాతలు ఇందులోకి వస్తాయి. పుస్తకం మీద పారదర్శక కాగితం పరిచి, దాని మీద రాసినట్టు అనుకోండి.

పెన్ రాతకి ఉన్న రకం పేరు ఇంక్ యానోటేషన్. దీని లోపల ముఖ్యంగా నాలుగు సంగతులుంటాయి.

ఒకటి, రెక్ట్: రాత ఉన్న చోటు చుట్టూ ఒక దీర్ఘచతురస్రం.
రెండు, ఇంక్‌లిస్ట్: ప్రతి గీతకీ వరసగా ఎక్స్, వై పాయింట్లు.
మూడు, ఏపీ: ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అప్పియరెన్స్. ఆ రాత ఎలా కనిపించాలో చెప్పే రెడీమేడ్ బొమ్మ.
నాలుగు, ఎఫ్: ఫ్లాగ్స్. మన కథలో విలన్ ఇదే.

ఎఫ్ అనేది ఒక పూర్ణాంకం. దాని ఒక్కో బిట్‌కి ఒక్కో అర్థం. విలువ 2 ఉన్న బిట్ ఆన్ అయితే యానోటేషన్ దాగిపోతుంది. విలువ 4 ఉన్న బిట్ పేరు ప్రింట్. ఆ బిట్ ఆన్‌లో ఉంటేనే యానోటేషన్‌ని ప్రింట్ చేయాలి, లేకపోతే స్క్రీన్ మీద కనిపించినా సరే కాగితం మీద వేయకూడదు అని పీడీఎఫ్ స్టాండర్డ్ స్పష్టంగా చెబుతుంది. 2008లో ఐఎస్‌ఓ స్టాండర్డ్ అయిన పీడీఎఫ్ 1.7లోనూ ఇదే రూల్ ఉంది.

మా తమ్ముడి ఫైల్ తెరిచి చూస్తే ప్రతి ఇంక్ యానోటేషన్‌లోనూ ఎఫ్ విలువ 0. నాలుగు లైన్ల స్క్రిప్ట్‌తో అన్నిటినీ 4 చేసి మళ్లీ ప్రింట్ ఇస్తే రాతలన్నీ వచ్చేశాయి. 86 పేజీలు వృథా అవడానికి కారణం ఒక్క బిట్!

మరి ఏపీ సంగతి? అది లేకుండా ఇంక్‌లిస్ట్ మాత్రమే ఉంటే, కొన్ని రీడర్లు పాయింట్లు చూసి తామే గీత గీస్తాయి, కొన్ని ఏమీ చూపించవు. పైగా ఇంక్‌లిస్ట్‌లో పెన్ ఒత్తిడి పెట్టుకునే చోటే లేదు. సన్నగా మొదలై లావుగా ముగిసే గీత అందంగా రావాలంటే, ఆ ఆకారాన్ని మనమే ఏపీలో గీసి పెట్టాలి. కాబట్టి రెండూ రాయండి: తర్వాత ఎడిట్ చేసుకోవడానికి ఇంక్‌లిస్ట్, చూపించడానికీ ప్రింట్‌కీ ఏపీ.

మొదటి మెట్టు: పెన్ పాయింట్లు పట్టుకోవడం

ఆండ్రాయిడ్‌లో స్క్రీన్‌ని ఏది తాకినా యాప్‌కి మోషన్‌ఈవెంట్ వస్తుంది. ముందు అడగాల్సిన ప్రశ్న: తాకింది ఏంటి? టూల్ టైప్ అడిగితే స్టైలస్, ఫింగర్, ఇరేజర్ అని చెబుతుంది. 2011లో మొదటి గెలాక్సీ నోట్‌తో వచ్చిన ఎస్ పెన్ లాంటివి నిజమైన స్టైలస్‌గా కనిపిస్తాయి. స్క్రీన్ కింద ఉండే వాకమ్ టెక్నాలజీ డిజిటైజర్ పెన్‌ని విడిగా గుర్తిస్తుంది, రాయడానికి పెన్‌లో బ్యాటరీ కూడా అక్కర్లేదు. మెట్రో పిల్లర్ల కింద బండ్ల మీద దొరికే రబ్బర్ మొన పెన్నులు మాత్రం ఫోన్ దృష్టిలో ఒక వేలు, అంతే. వాటితో ఒత్తిడి తెలీదు, అరచేయి ఆనిందా పెన్ ఆనిందా అన్నది కూడా తేల్చుకోలేం. అందుకే మీ యాప్‌లో స్టైలస్ ఒక్కసారి కనిపించాక, వేలితో రాయడం ఆపేసి, వేలిని పేజీ జరపడానికి మాత్రమే వాడితే సగం తలనొప్పి తగ్గుతుంది.

రెండో సంగతి, హిస్టరీ. పెన్ వేగంగా కదిలినప్పుడు ఆండ్రాయిడ్ చాలా పాయింట్లని ఒకే ఈవెంట్‌లో కట్టగా ఇస్తుంది. మీరు చివరి పాయింట్ మాత్రమే తీసుకుంటే గుండ్రటి అక్షరాలు పలకలు పలకలుగా వస్తాయి. హిస్టరీ సైజ్ ఎంతో అడిగి, పాత పాయింట్లన్నీ వరసగా తీసుకున్నాకే తాజా పాయింట్ తీసుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో నిలువు, అడ్డం గీతలు ఎక్కువ కాబట్టి కాస్త సర్దుకుంటుంది. తెలుగులో ఎటు చూసినా వంపులే. ఈ తప్పు మన లిపిలో వెంటనే బయటపడుతుంది.

రెండో మెట్టు: స్క్రీన్ కొలత వేరు, కాగితం కొలత వేరు

స్క్రీన్ పిక్సెల్స్‌లో కొలుస్తుంది, పీడీఎఫ్ పాయింట్లలో కొలుస్తుంది. ఒక అంగుళానికి 72 పాయింట్లు. ఏ4 పేజీ అంటే దాదాపు 595 వెడల్పు, 842 ఎత్తు. ఇంకో మెలిక ఏంటంటే, స్క్రీన్‌లో సున్నా పై ఎడమ మూలలో మొదలవుతుంది, పీడీఎఫ్‌లో మామూలుగా కింది ఎడమ మూలలో.

లెక్క చేసి చూద్దాం. పేజీ స్క్రీన్ మీద 1080 పిక్సెల్స్ వెడల్పుతో కనిపిస్తోంది. స్కేల్ = 595 ÷ 1080 = 0.551. పేజీ పై ఎడమ మూల నుంచి 540 పిక్సెల్స్ పక్కకి, 300 కిందకి పెన్ పెట్టారు. పీడీఎఫ్ ఎక్స్ = 540 × 0.551 = 297.5. పై నుంచి దూరం 300 × 0.551 = 165.3, కాబట్టి వై = 842 − 165.3 = 676.7. తిప్పడం మర్చిపోయారంటే పైన రాసిన నోట్స్ పేజీ అడుగున తలకిందులుగా ప్రింట్ అవుతుంది.

ఇక్కడితో అయిపోలేదు. పీడీఎఫ్ పేజీకి రొటేట్ అనే విలువ ఉండొచ్చు: 0, 90, 180, 270. ఫోన్‌తో స్కాన్ చేసిన నోట్సుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. స్క్రీన్ మీద పేజీ నిటారుగానే ఉంటుంది, ఫైల్ లోపల మాత్రం పడుకుని ఉంటుంది. రొటేట్ 90 అయితే స్క్రీన్‌లో పై నుంచి కిందకి ఉన్న దూరం పీడీఎఫ్‌లో ఎక్స్ అవుతుంది, ఎడమ నుంచి ఉన్న దూరం వై అవుతుంది. అలాగే క్రాప్‌బాక్స్ ఉన్న పేజీల్లో కనిపించే మూల సున్నా, సున్నా దగ్గర ఉండకపోవచ్చు. ఆ తేడా కూడా కలపాలి. టెస్ట్ చేయడానికి మామూలు పేజీ ఒకటి, తిప్పిన పేజీ ఒకటి, క్రాప్ చేసిన పేజీ ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.

గీత మందం కూడా పాయింట్లలోనే దాచుకోండి. 0.7 మిల్లీమీటర్ల మందం ఉన్న గీత అంటే సుమారు 2 పాయింట్లు. జూమ్ చేసి రాసినప్పుడు స్క్రీన్ పిక్సెల్స్‌నే మందంగా దాచితే, ఒక లైన్ సన్నగా, పక్క లైన్ మార్కర్‌తో రాసినట్టు వస్తుంది.

చుక్క పోతే పాఠమే పోతుంది

ఇది నేను సొంతంగా యాప్ రాసేటప్పుడు తగిలిన దెబ్బ. టెస్ట్ కోసం "పాఠం" అని రాసి ప్రింట్ తీస్తే "పారం" అని వచ్చింది. ఠ లోపల చుక్క లేదు!

కారణం ఏంటంటే, చుక్క పెట్టినప్పుడు పెన్ కిందకి దిగుతుంది, వెంటనే పైకి లేస్తుంది, మధ్యలో కదలదు. నా కోడ్‌లో గీత అంటే మొదలు పాయింట్, ఆ తర్వాత కదలికలు. కదలికే లేకపోతే పాత్‌లో మొదలు పాయింట్ ఒక్కటే మిగులుతుంది. పీడీఎఫ్‌లో అలాంటి పాత్‌కి ఏమీ గీయరు. పరిష్కారం సింపుల్: అదే పాయింట్‌కి ఒక లైన్ కలపండి, గీత చివరలు గుండ్రంగా ఉండేలా రౌండ్ క్యాప్ పెట్టండి. అప్పుడు స్టాండర్డ్ ప్రకారమే అది నిండు చుక్కగా వస్తుంది.

ఇంగ్లిష్‌లో ఐ మీద చుక్క పోయినా చదవగలం. తెలుగులో చుక్క పోతే ఠ కాస్తా ర అవుతుంది, థ కాస్తా ధ అవుతుంది. ఫైల్ సైజ్ తగ్గించడానికి రేమర్ డగ్లస్ ప్యూకర్ లాంటి పద్ధతితో అనవసరమైన పాయింట్లు తీసేస్తుంటారు. అక్కడ కూడా జాగ్రత్త. హద్దు ఎక్కువ పెడితే చిన్న వత్తులూ, తలకట్టు కొసలూ నిటారు గీతలైపోతాయి. హద్దుని పాయింట్లలో పెట్టి, ప్రింట్ తీసి చూసి నిర్ణయించండి, స్క్రీన్ చూసి కాదు.

గీతని నునుపు చేయడానికి పక్కపక్క పాయింట్ల మధ్య బిందువుల గుండా క్వాడ్రాటిక్ బెజియర్ వంపులు గీయడం తేలికైన దారి. ఆండ్రాయిడ్ పాత్‌లో దీనికి నేరుగా ఫంక్షన్ ఉంది. కానీ పీడీఎఫ్‌కి తెలిసింది క్యూబిక్ బెజియర్ మాత్రమే. కంగారు అక్కర్లేదు. క్వాడ్రాటిక్ కంట్రోల్ పాయింట్ వైపు రెండు కొసల నుంచి మూడింట రెండు వంతుల దూరం జరిగితే క్యూబిక్‌కి కావాల్సిన రెండు కంట్రోల్ పాయింట్లు వస్తాయి. ఆకారం అణువంత కూడా మారదు.

మూడో మెట్టు: ఫ్లాటెన్

ప్రింట్ ఫ్లాగ్ పెట్టాం, ఏపీ రాశాం. అయినా షాపులో రాత రాకపోవచ్చు. ఎందుకంటే ప్రింట్ డైలాగ్ యజమాని మనం కాదు. ఉదాహరణకి అడోబ్ రీడర్ ప్రింట్ విండోలో కామెంట్స్ అండ్ ఫార్మ్స్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. అందులో డాక్యుమెంట్ అని మాత్రమే ఉంటే యానోటేషన్లు రావు, డాక్యుమెంట్ అండ్ మార్కప్స్ అని ఉండాలి. పరీక్షల సీజన్‌లో క్యూ రోడ్డు దాకా ఉన్నప్పుడు షాప్ అన్న ఆ ఆప్షన్ మారుస్తాడని ఆశపడకండి.

అందుకే ప్రింట్ కోసం వేరే కాపీ తయారు చేయాలి. ఆ కాపీలో పారదర్శక కాగితాన్ని పేజీకి శాశ్వతంగా అతికించేస్తాం. దీన్నే ఫ్లాటెన్ అంటారు. లోపల జరిగేది ఇది: యానోటేషన్ ఏపీ బొమ్మని తీసుకుని, పేజీ రిసోర్సుల్లో చేర్చి, కంటెంట్స్ చివర్లో ఆ బొమ్మని సరైన చోట గీయమని ఒక ఆదేశం రాసి, యానోట్స్ లిస్ట్ నుంచి దాన్ని తీసేయడం.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. కొన్ని ఫైళ్లలో పాత కంటెంట్ మధ్యలో స్కేల్ మార్చి, తిరిగి మామూలు స్థితికి రాకుండానే ముగుస్తుంది. దాని తర్వాత మీ రాత గీస్తే అది చిన్నదై ఏదో మూలకి పోతుంది. కాబట్టి పాత కంటెంట్‌కి ముందు గ్రాఫిక్స్ స్థితిని దాచి, తర్వాత తిరిగి తెచ్చే ఆదేశాలు పెట్టి, ఆ తర్వాతే మీ రాత గీయండి.

ఇదంతా సొంతంగా రాయడం కష్టం అనిపిస్తే లైబ్రరీలున్నాయి. ఆండ్రాయిడ్‌లో పీడీఎఫ్‌బాక్స్-ఆండ్రాయిడ్ వాడొచ్చు. పైథాన్‌లో పైఎంయూపీడీఎఫ్‌కి ఇంక్ యానోటేషన్ చేర్చే ఫంక్షన్, పేజీలో కలిపేసే బేక్ అనే ఫంక్షన్ రెండూ ఉన్నాయి. కమాండ్ లైన్‌లో క్యూపీడీఎఫ్ అనే ఉచిత టూల్‌కి ఫ్లాటెన్ యానోటేషన్స్ ఆప్షన్ ఉంది. దానికి ప్రింట్ అని విలువ ఇస్తే ప్రింట్ అవ్వాల్సినవి మాత్రమే కలుపుతుంది, ఆల్ అని కూడా ఇవ్వొచ్చు. యాప్ మార్కెట్‌లో పెట్టే ఆలోచన ఉంటే లైసెన్స్ చూసుకోండి. పీడీఎఫ్‌బాక్స్ అపాచీ లైసెన్స్‌తో వస్తుంది, ఐటెక్స్ట్, పైఎంయూపీడీఎఫ్‌లు ఏజీపీఎల్‌తో వస్తాయి.

"ఇంత గొడవెందుకు, పేజీని ఇమేజ్‌గా మార్చేస్తే సరిపోదా?" అని అడగొచ్చు. చేయొచ్చు, కానీ 300 డీపీఐలో ఒక ఏ4 పేజీ అంటే 2480 × 3508 పిక్సెల్స్. మెమరీలో ఒక్క పేజీకే సుమారు 35 ఎంబీ. 86 పేజీలు ఒకేసారి పెడితే యాప్ క్రాష్ అవుతుంది. డీపీఐ తగ్గిస్తే చిన్న అక్షరాలు మసకబారతాయి. పైగా టెక్స్ట్‌లో సెర్చ్ చేయడం కూడా పోతుంది. ఏ లైబ్రరీకీ లొంగని ఫైల్‌కి చివరి మార్గంగా మాత్రమే వాడండి.

నేరుగా ఫోన్ నుంచి ప్రింట్ ఇవ్వాలంటే, 2013లో ఆండ్రాయిడ్ 4.4తో వచ్చిన ప్రింట్ ఫ్రేమ్‌వర్క్ ఉంది. ప్రింట్ డాక్యుమెంట్ అడాప్టర్‌లో లేఅవుట్ దశలో ఎన్ని పేజీలో చెప్పాలి, రైట్ దశలో పీడీఎఫ్ ఇవ్వాలి. ఇక్కడ ఇవ్వాల్సింది ఒరిజినల్ కాదు, ఫ్లాటెన్ చేసిన కాపీ.

వర్డ్ ఫైల్ మీద రాస్తే?

పీడీఎఫ్‌లో కనీసం పేజీ కదలదు. వర్డ్ లాంటి టెక్స్ట్ ఫైళ్లలో లైన్లే కదులుతాయి. మీ ట్యాబ్‌లో ఒక తెలుగు ఫాంట్, షాప్ కంప్యూటర్‌లో ఇంకో ఫాంట్ ఉంటే లైన్లు వేరే చోట విరుగుతాయి. మీరు ఒక పదం కింద గీసిన గీత పక్క పదం కిందకి చేరుతుంది.

ఇది పాత సమస్యే. 1998లో ఫుజీ జిరాక్స్ పరిశోధకుల ఎక్స్‌లిబ్రిస్ అనే ప్రయోగం పెన్ ట్యాబ్లెట్ మీద డాక్యుమెంట్లలో స్వేచ్ఛగా గీతలు గీసుకునే వీలు ఇచ్చింది. టెక్స్ట్ జరిగినప్పుడు పెన్ గీతల్ని కూడా దానితో పాటు ఎలా జరపాలన్న మీద మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2003లో పేపర్ వేశారు. అసలు ఐడియా ఇదీ: గీతని పేజీలో స్థానానికి కాకుండా, అది ఏ పదాన్ని ఉద్దేశించిందో ఆ పదానికి కట్టేయాలి. ముందు గీత రకం తేల్చాలి: అండర్‌లైనా, చుట్టూ గీసిన సున్నానా, మార్జిన్ నోటా? పదం రెండు లైన్లుగా విరిగితే అండర్‌లైన్‌ని కూడా రెండుగా విరవాలి.

తెలుగుకి ఇందులో రెండు అదనపు చిక్కులు. ఒకటి, "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు. కట్టేసే చోటు అక్షరం మధ్యలో పడకుండా మొత్తం అక్షర సముదాయాన్ని ఒకటిగా లెక్కపెట్టాలి. రెండు, డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లతో టైప్ చేస్తారు. కంటికి తెలుగే, లోపల మాత్రం వేరే కోడ్‌లు. అక్కడ పదం వెతికి కట్టడం కుదరదు. అందుకే నా సలహా: పెన్ పెట్టే ముందే ఫైల్‌ని పీడీఎఫ్‌గా మార్చి, ఫాంట్లు అందులోనే ఎంబెడ్ చేయండి.

కాగితం దగ్గర జరిగే మోసాలు

చాలా షాపుల్లో చవగ్గా వచ్చేది బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింట్. ఎరుపు నోట్స్ బూడిద రంగులో వస్తాయి. పసుపు హైలైట్ దాదాపు కనిపించదు. నల్లగా కనిపించేలా హైలైట్ ముదురు చేస్తే కింది టెక్స్ట్ మరుగున పడుతుంది. కోడ్‌లో హైలైటర్‌కి మల్టిప్లై బ్లెండ్ మోడ్ పెడితే అక్షరాలు నల్లగానే ఉంటాయి. యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ ప్రివ్యూ బటన్ ఒకటి పెట్టండి, యూజర్లు మీకు రుణపడిపోతారు. అలాగే ప్రింటర్లు కాగితం అంచుల దాకా ముద్రించలేవు. మార్జిన్ చివర రాసిన నోట్స్ కత్తిరించుకుపోకుండా పేజీని కాస్త కుదించే ఫిట్ ఆప్షన్ వాడాలి.

చెరిపినా చెరగని రాతలు

ఇది సరదా విషయం కాదు. పీడీఎఫ్‌ని సేవ్ చేసేటప్పుడు చాలా యాప్‌లు పాత డేటాని అలాగే ఉంచి, మార్పుల్ని మాత్రం చివర్లో చేరుస్తాయి. మీరు ఇరేజర్‌తో తుడిచిన ఫోన్ నంబర్ ఫైల్ లోపల ఇంకా ఉండొచ్చు. ఆధార్ నంబర్ మీద నల్ల ఇంక్ పూసినా కింది అంకెలు కాపీ అవుతాయి. యానోటేషన్‌లో రాసినవాళ్ల పేరు, మార్చిన తేదీ కూడా ఉండొచ్చు. వాట్సాప్‌లో షాప్ నంబర్‌కి పంపే ఫైల్ ఆ కంప్యూటర్‌లో ఎన్నాళ్లు ఉంటుందో మన చేతుల్లో లేదు. అందుకే ప్రింట్ కాపీని ఎప్పుడూ మొత్తం కొత్తగా రాయించండి, చివర చేర్చే పద్ధతిలో కాదు. నిజంగా దాచాల్సిన సమాచారం ఉన్న పేజీని మాత్రం ఇమేజ్‌గా మార్చడమే మేలు.

కోడింగ్ రానివాళ్ల చెక్‌లిస్ట్

1. నోట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫ్లాటెన్ అనే ఆప్షన్ ఉంటే అది ఎంచుకోండి.
2. ఆ ఫైల్‌ని వేరే యాప్‌లో తెరిచి మీ రాత మీద నొక్కండి. గీత విడిగా సెలెక్ట్ అయితే ఇంకా ఫ్లాటెన్ అవ్వలేదు.
3. ప్రింట్ కోసం రాస్తుంటే నలుపు లేదా ముదురు నీలం ఇంక్ వాడండి.
4. ముందు ఒక్క పేజీ ప్రింట్ తీయించండి. చుక్కలు, మార్జిన్లు చూసుకున్నాకే మిగతావి.
5. స్పైరల్ బైండింగ్ అన్నిటికంటే చివర!

ఐదో పాయింట్ అనుభవంతో చెబుతున్నా. మా తమ్ముడు ఆ 86 పేజీల బైండింగ్ పుస్తకంలో పెన్ను తీసుకుని, మార్జిన్ నోట్స్ అన్నీ చేత్తో మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు. రెండో ప్రింట్ నేను తెచ్చేసరికి ఇరవై పేజీలు అయిపోయాయి. "ఇలా రాస్తేనే బాగా గుర్తుంటుంది అన్నా" అన్నాడు. ఉండొచ్చు. కానీ పరీక్షకి వారం ముందు అది వాడు ఇష్టపడి చేయాల్సిన పని, ఒక యాప్‌లో మర్చిపోయిన నంబర్ వల్ల చేయాల్సిన పని కాదు. మీరు పెన్ యాప్ రాస్తుంటే ఆ 4 మాత్రం మర్చిపోకండి.